మడత ఎక్కడ పడింది?



ఈ రోజు కార్ల గురించి మాట్లాడుకుందాం. అందులోనూ స్పోర్ట్స్ కార్లు. కొత్తవి కావు. ఒకరిద్దరి చేతులు మారి, ఎక్కడో గట్టి దెబ్బ తిని, తక్కువ ధరకే వస్తున్నాయని మనల్ని ఊరించే పాత బండ్లు. ఆ దెబ్బ బాగవుతుందా? బాగు చేయిస్తే బండి మళ్ళీ నమ్మకంగా నడుస్తుందా? చేయిస్తున్నప్పుడు దగ్గరుండి మనం ఏం చూసుకోవాలి? ఇవాళ్టి కబురు ఇదే.

మాట గాల్లో తేలిపోకుండా ఒక బండిని ఎదురుగా పెట్టుకుందాం. మజ్దా మియాటా. మజ్దా అనగానే మనలో చాలామందికి స్వరాజ్ మజ్దా వ్యాన్లు గుర్తొస్తాయి. ఎంతమంది బడిపిల్లల్ని మోశాయో అవి! ఆ పేరులోని మజ్దాయే ఇది, జపాన్‌లో హిరోషిమా కంపెనీ. వాళ్ళు 1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో ఒక చిన్న బండిని జనానికి చూపించారు. రెండే సీట్లు. పైకప్పు గుడ్డది, వెనక్కి మడిచేయొచ్చు. స్విచ్చి వేస్తే ముందు దీపాలు బానెట్టులోంచి పైకి లేస్తాయి. బరువు టన్నుకి లోపే. అమెరికాలో దాన్ని మియాటా అన్నారు, యూరప్‌లో ఎంఎక్స్ ఫైవ్ అన్నారు. 2016 నాటికి పది లక్షల బండ్లు తయారయ్యాయి. కప్పు తీసేయగలిగే రెండు సీట్ల స్పోర్ట్స్ కార్లలో ఇన్ని అమ్ముడైనది ఇంకొకటి లేదు.

మన రోడ్ల మీద అది కనపడదు. కానీ డాలస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉన్న మీ అబ్బాయో, మేనకోడలో ఫోన్ చేసి, "పాత మియాటా ఒకటి చవగ్గా వస్తోంది, వెనకాల చిన్న దెబ్బుంది, అంతే" అన్నారనుకోండి. ఆ "అంతే" దగ్గర కాస్త ఆగమని చెప్పడానికే ఈ ప్రసంగం.

ఆ బండికి ఎడమవైపు వెనక చక్రం పైన ఉండే రేకుని వేరే బండి గుద్దిందనుకుందాం. ఆ రేకుని షెడ్లలో క్వార్టర్ ప్యానెల్ అంటారు. జానెడు వెడల్పున లోపలికి పోయింది. మధ్యలో కత్తితో గీసినంత పదునుగా ఒక మడత పడింది. డిక్కీ మూత ఒక పక్కకి కాస్త ఒరిగింది. తలుపు వేస్తుంటే చివర్లో కొద్దిగా పట్టేస్తోంది. ఈ నాలుగు గుర్తులూ మనసులో పెట్టుకోండి. సొట్ట, మడత, డిక్కీ, తలుపు.

ఎవరైనా చూసి మొదట అడిగేది సొట్ట లోతెంత అని. అనుభవం ఉన్న టింకరింగ్ మేస్త్రి మాత్రం ముందు లోతు చూడడు. మడత ఎక్కడ పడిందో చూస్తాడు. వేలితో తడిమి, అది ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో పట్టుకుంటాడు.

ఎందుకో మీరే ఇంట్లో చేసి చూడొచ్చు. బైండింగ్ వైరు ముక్క ఒకటి తీసుకోండి. మధ్యలో గట్టిగా వంచండి. ఇప్పుడు రెండు చివర్లూ పట్టుకుని తిన్నగా చేయబోండి. వంగినచోట అది తిన్నగా అవదు. దాని పక్కన కొత్త వంపు తిరుగుతుంది. ఒకసారి వంగినచోట లోహం గట్టిపడిపోయింది, అదీ సంగతి. కారు రేకులోనూ జరిగేది ఇదే. రేకు మందం మిల్లీమీటరు కూడా ఉండదు, ముప్పాతిక ఉంటుందేమో. మడత పడ్డ గీత వెంట ఆ ఉక్కు గట్టిపడి మొండికేస్తుంది. చుట్టూ ఉన్న వెడల్పాటి సొట్ట ఉందే, దానికి నిజానికి పెద్ద దెబ్బ తగల్లేదు. తన పాత రూపానికి వెళ్ళిపోవాలనే చూస్తోంది. మడత దాన్ని పట్టి ఉంచింది. మడతని విడిపిస్తే సొట్టలో చాలా భాగం తనంతట తనే లేస్తుంది.

ఇంకోసారి చెబుతాను. సొట్టని కొట్టకూడదు. మడతని విడిపించాలి. సొట్ట మధ్యలో లోపల్నుంచి సుత్తితో దబదబా బాదేవాడి చేతికి మాత్రం మీ బండి ఇవ్వకండి. రేకు సాగిపోతుంది. సాగిన రేకు మళ్ళీ తన చోట్లో ఇమడదు. బొటనవేలితో నొక్కితే టప్‌మని లోపలికీ, వదిలితే టప్‌మని బయటికీ ఆడుతుంది.

అయితే సుత్తి పట్టేముందు తేల్చుకోవలసింది ఇంకొకటుంది. కారు ఒంటిమీద రేకులు రెండు రకాలు. బోల్టులతో బిగించినవి కొన్ని, వెల్డింగుతో అతికించినవి కొన్ని. బానెట్టు, ముందు ఫెండర్లు, తలుపులు, డిక్కీ మూత, ఇవి బోల్టులవి. పాడైతే విప్పేసి వేరేది బిగించుకోవచ్చు. పాత బండి నుంచి అదే రంగుది దొరికితే రంగు ఖర్చు కూడా మిగులుతుంది. ముందు ఫెండరు దెబ్బ ఎంత వికారంగా ఉన్నా నన్నడిగితే భయపడనక్కర్లేదు, వెనకాల ఉన్న భాగాలు బాగుంటే.

వెనక క్వార్టర్ ప్యానెల్ సంగతి వేరు. అది బండి దేహంలో కలిసిపోయి ఉంటుంది. విప్పడానికి బోల్టులుండవు. ఇలాంటి కార్లకి లారీకున్నట్టు కింద విడిగా ఛాసిస్ ఉండదు. రేకులన్నీ కలిసి అతుక్కుని ఉండడమే బండికి బలం. పైగా మియాటాకి ఇనప పైకప్పు కూడా లేదు కదా. మామూలు కారులో కప్పు మోసే బరువంతా ఇందులో కిందికి దిగి, తలుపుల కింద ఉండే రన్నింగ్ బోర్డుల మీదా, నేల రేకు మీదా పడుతుంది. అందుకే మన బండిలో సొట్ట కన్నా నన్ను ఎక్కువ కలవరపెట్టేది ఆ పట్టేస్తున్న తలుపు.

తలుపుకీ వెనక రేకుకీ మధ్య సందు చూడండి. పైన ఎంత ఉందో కింద కూడా అంతే ఉండాలి. అవతలి వైపు తలుపు సందుతో పోల్చండి. పైన ఇరుగ్గా, కింద వెడల్పుగా ఉంటే దెబ్బ పైరేకు దగ్గర ఆగలేదన్నమాట. డిక్కీలో చాప ఎత్తి చూడండి. లోపలి రేకులో ముడతలు, అతుకుల దగ్గర చిట్లిన సీలెంటు, పెచ్చులు లేచిన రంగు, ఇవన్నీ సాక్ష్యాలే. తర్వాత చక్రాల అలైన్‌మెంటుకి పంపండి. పెద్ద ఖర్చు కాదు. మియాటాకి వెనక చక్రాల కోణం కూడా సరిచేసుకునే ఏర్పాటుంది. ఎంత తిప్పినా లెక్క కుదరకపోతే చక్రాన్ని పట్టుకున్న చేతులైనా వంగాయి, అవి బిగిసే చోటైనా కదిలింది. ఏ బండికైనా కింద ఫలానా రంధ్రానికీ ఫలానా రంధ్రానికీ మధ్య ఎంత దూరం ఉండాలో కంపెనీ కొలతల పుస్తకంలో ఉంటుంది. మూల నుంచి మూలకి కొలిస్తే బండి ఒరిగిందో లేదో తెలిసిపోతుంది. ఒరిగి ఉంటే ముందు ఫ్రేము మిషను మీద గొలుసులతో లాగి కొలతకి తేవాలి. పైరేకు పని ఆ తర్వాతే.

విజయవాడ ఆటోనగర్‌లో ఏ మంచి షెడ్డుకైనా వెళ్ళి, "ఎంతవుద్ది మేస్త్రీ?" అని అడిగి చూడండి. "విప్పకుండా ఎట్టా చెప్పమంటారు సార్?" అంటాడు. కొందరికి అది బేరం ఎత్తులా వినపడుతుంది. నాకు మాత్రం నిజాయితీగల మాటలా వినిపిస్తుంది. పైన చూసి గభాలున రేటు చెప్పేవాడు పైపైనే చేస్తాడు.

సరే, కొలతలు బాగున్నాయి, తలుపు పట్టడం కూడా రేకు అంచు కొద్దిగా ముందుకు జరగడం వల్లేనని తేలింది అనుకుందాం. ఇప్పుడు రెండు దారులు. ఉన్న రేకుని తిన్నగా చేయడం ఒకటి. కోసేసి వేరే రేకు వేయడం ఇంకొకటి.

తిన్నగా చేయడానికి ఒక వరస ఉంది. గుద్దినప్పుడు ఏది ముందు లోపలికి పోయిందో అది చివర బయటికి రావాలి. ఏది చివర వంగిందో అది ముందు విడవాలి. వచ్చినదారినే వెనక్కి పంపించడం. దెబ్బ తగిలిన నడిమధ్యని ముందే లాగితే చుట్టూ ఉన్నవి అలాగే బిగుసుకుపోతాయి. అంచుల్లోంచి లోపలికి రావాలి.

చెయ్యి దూరే చోట ఒక పక్క సుత్తి, ఇంకో పక్క డాలీ అనే చిన్న ఇనప దిమ్మ పట్టుకుంటారు. డాలీ సరిగ్గా సుత్తి కింద ఉంటే రేకు నలిగి సాగుతుంది. డాలీని కాస్త పక్కకి, పల్లం కింద పెట్టి, సుత్తిని ఎత్తు మీద వేస్తే, ఎత్తు దిగుతుంది, పల్లం లేస్తుంది. ఈ పనికి బలం అక్కర్లేదు. చిన్న దెబ్బలు, చాలా దెబ్బలు. మంచి మేస్త్రి చేతిలో సుత్తి చప్పుడు కూడా సన్నగానే ఉంటుంది. చెయ్యి దూరని చోట రేకు మీద చిన్న మేకులో, వాషర్లో చుక్క వెల్డింగుతో అంటించి, వాటిని పట్టుకుని బయటికి లాగుతారు. పని అయ్యాక తెంపేసి ఆ చోటు సాన పడతారు. సాగిన చోటు ఉంటే ఒక చిన్న చుక్కంత మేర ఎర్రగా కాల్చి, చుట్టూ మెల్లగా తట్టి, తడిగుడ్డ పెడతారు. ముడుచుకుంటుంది. ఆ ఒక్క పని చూడడానికే నేను షెడ్డులో గంటసేపు నిలబడగలను!

ఒక్క హెచ్చరిక. ఈ కాల్చడాలూ కొట్టడాలూ పాత బండ్ల మెత్తటి ఉక్కుకే. ఈ మధ్య బండ్లలో తలుపుల మధ్య స్తంభాలకీ రన్నింగ్ బోర్డుల లోపలికీ చాలా గట్టి ఉక్కు వాడుతున్నారు. దాన్ని కాలిస్తే బలం పోతుంది. పైకి తిన్నగానే కనిపిస్తుంది, రేపు ఇంకో దెబ్బకి ఆగదు. అలాంటిది వంగితే మార్చడమే.

రేకు చిరిగినా, మడతలు ఒకదాని మీద ఒకటి పడినా, తుప్పు తినేసినా కోయక తప్పదు. మియాటాలో తుప్పుకో ప్రత్యేకమైన చోటుంది. గుడ్డ కప్పు మీద పడ్డ వాన నీళ్ళు తలుపుల వెనకనున్న గొట్టాల్లోంచి కిందికి పోవాలి. ఆకులూ దుమ్మూ చేరి ఆ దారి మూసుకుపోతే నీళ్ళు రన్నింగ్ బోర్డులోకి చేరతాయి. వెనక చక్రానికి ముందున్న చోటు లోపల్నుంచి తుప్పు పట్టి, పైన రంగు బుడగలు లేచాకే మనకి తెలుస్తుంది. దెబ్బ పడిన వైపు ఆ చోటు స్క్రూడ్రైవరు పిడితో తట్టి చూడండి. గణగణమంటే మంచిదే. మొద్దుగా మోగితే లోపల తుప్పో, పైన పుట్టీయో ఉంది.

కోసేముందు చేయవలసిన పనులున్నాయి. తొందరలో మరిచిపోతే కొంప ముంచేవే ఇవన్నీ. మన దెబ్బ ఎడమవైపు కదా? మొదటి తరం మియాటాకి పెట్రోలు పోసే మూత ఆ రేకు మీదే ఉంటుంది. ట్యాంకు సీట్ల వెనకే. నిప్పురవ్వలు ఎగిరే పని అక్కడ మొదలుపెట్టే ముందు ట్యాంకూ గొట్టాలూ దింపి దూరంగా పెట్టాలి. తడిగుడ్డ కప్పాం, చాలు అనే మాట వినకండి. బ్యాటరీ కూడా ఆ బండికి డిక్కీలోనే ఉంటుంది. వైర్లు తీసేయాలి. తర్వాత, రన్నింగ్ బోర్డు కొయ్యాల్సి వస్తే తలుపు ఉండే ఖాళీకి అడ్డంగా ఇనప కడ్డీలు వెల్డింగు చేసి బిగించాలి. కప్పు లేని బండి కదా, ఆ ఆసరా లేకుండా కోస్తే మధ్యలో కుంగుతుంది. కుంగిన రూపంలోనే కొత్త రేకు అతికించేస్తే ఇక జన్మలో తలుపు సరిగా పడదు.

కంపెనీలో ఈ రేకుల్ని చుక్కలు చుక్కలుగా అతికిస్తారు. ఆ చుక్కల్ని ఒక్కొక్కటీ డ్రిల్లుతో తొలిచి, పాత రేకుని లేవదీయాలి. ఓపిక కావాలి. తుక్కు యార్డులో దొరికే బండి నుంచి రేకు కోసుకొస్తుంటే, కావలసినదానికన్నా నాలుగు వేళ్ళు పెద్దదిగా కోయించండి. తగ్గించుకోవడం సులువు, పెంచుకోలేం. కొత్త రేకుని క్లాంపులతో నిలబెట్టి, తలుపూ డిక్కీ మూతా బిగించి, వేసి తీసి సందులన్నీ చూశాకే వెల్డింగు. మళ్ళీ చెబుతున్నా, సందులు చూశాకే వెల్డింగు.

ఆ వెల్డింగు మిగ్ వెల్డింగు కావాలి. గ్యాస్ మంట వేడి చాలా మేర పాకి, పలుచని రేకుని అలలు అలలుగా చేస్తుంది. మిగ్‌తో కూడా ఏకధాటిగా గీత లాగకూడదు. ఇక్కడొక చుక్క, జానెడు అవతల ఇంకో చుక్క, చల్లారాక వాటి మధ్యలో ఒకటి. ఇలా నింపుకుంటూ రావాలి. గంటలో అయ్యే పనికి పూట పడుతుంది. పడనివ్వండి.

ఇక పుట్టీ. దీని మీద మనవాళ్ళకి రెండు అభిప్రాయాలున్నాయి. పుట్టీ పెట్టాడంటే మోసమే అని కొందరు. ఏ సొట్టనైనా పుట్టీతో నింపేయొచ్చని కొందరు. ఎంత మంచి మేస్త్రి చేసినా రేకు మీద గోటి మందం హెచ్చుతగ్గులు మిగులుతాయి. వాటిని పూడ్చడానికే పుట్టీ పుట్టింది. రెండు మూడు మిల్లీమీటర్లు, అంతకు మించకూడదు. వేలు మందాన పెడితే ఎండకీ చలికీ రేకు ఒకలా, పుట్టీ ఒకలా వ్యాకోచించి పగులుతుంది. ఇంకోటి. పుట్టీ నీళ్ళు పీలుస్తుంది. మన షెడ్లలో పుట్టీ మీద నీళ్ళు పోస్తూ పేపరు కొట్టడం మామూలే. ఆ తేమ లోపల చిక్కుకుంటే కొన్ని నెలలకి రంగు మీద పొక్కులొస్తాయి. పుట్టీని పొడిగా పేపరు కొట్టించండి. నీళ్ళ పేపరు ప్రైమరు మీదా, రంగు మీదా కొట్టుకోవచ్చు.

కొనేవాళ్ళు జేబులో అయస్కాంతం పెట్టుకెళ్తారు. పుట్టీ మందంగా ఉన్నచోట అది అంటుకోదు. మంచి ఉపాయమే. కానీ పాత మియాటా బానెట్టు మీద పెడితే అసలు అంటుకోనే అంటుకోదు. అమ్మేవాడితో గొడవకి దిగకండి! ఆ బానెట్టు అల్యూమినియంది. బరువు తగ్గించడానికి కంపెనీయే అలా చేసింది. అల్యూమినియం పనికి వేరే చెయ్యి కావాలి. వేడెక్కితే ఎర్రబడి ముందుగా చెప్పదు. ఉన్నట్టుండి కరిగి కారిపోతుంది. ఉక్కు మీద వాడిన సాన చక్రాలు దాని మీద వాడితే ఉక్కు రజను అంటుకుని తినేయడం మొదలుపెడుతుంది. అందుకే మంచి షెడ్లలో దానికి పనిముట్లు విడిగా పెడతారు.

ఉక్కూ అల్యూమినియమూ కానివి కూడా ఉన్నాయి. అమెరికాలో షెవ్రొలే వాళ్ళ కార్వెట్‌కి 1953లో పుట్టిన నాటి నుంచీ ఫైబర్ లాంటి పైరేకులే. మన దేశంలో 1990ల చివర గోవా నుంచి వచ్చిన శాన్ స్టార్మ్ కూడా ఫైబర్ ఒళ్ళే. ఫైబర్‌కి సొట్ట పడదు, పగులుతుంది. పగులుకి అటూ ఇటూ ఏటవాలుగా సాన పట్టి, గాజు నారగుడ్డ పొరలు పొరలుగా రెజిన్‌తో వేసుకుంటూ రావాలి. వీలైతే లోపలి వైపు నుంచి కూడా. పగులు మీద ఉత్త పుట్టీ రాస్తే అది మళ్ళీ బయటపడుతుంది. ఫైబర్ బండిలో ఇంకో చిక్కుంది. దెబ్బ తగిలి వెనక్కి వచ్చేసిన పైఒళ్ళు బాగానే కనపడుతుంది, లోపల ఇనప ఫ్రేము వంగి ఉండొచ్చు. అక్కడ కొలతలు ఇంకా ముఖ్యం.

రంగు గురించి రెండే ముక్కలు. వెండి రంగూ, మెరుపు రంగులూ ఒక్క రేకుకే వేస్తే పక్క రేకుతో కలవవు. పక్క రేకు మీదికి పలుచగా పాకించి, పైన క్లియర్ కోటు మొత్తం వేయాలి. ఖర్చెక్కువైనా ఇదే సరైన పద్ధతి. రెండోది మనుషుల గురించి. ఇప్పటి క్లియర్ కోటులో కలిపే హార్డెనరులో ఐసోసయనేట్లు ఉంటాయి. స్ప్రే చేసేటప్పుడు లేచే ఆ తుంపర పీలిస్తే ఉబ్బసం పట్టుకోవచ్చు, పట్టుకుంటే వదలదు. మన షెడ్లలో కుర్రాళ్ళు మొహానికి చేతిరుమాలు కట్టుకుని స్ప్రే చేస్తుంటారు. చేతిరుమాలు దేన్నీ ఆపదు. మీ బండి పెయింటింగుకి ఇచ్చేటప్పుడు ఆ కుర్రాడికి సరైన మాస్కు ఉందా అని అడగండి. బేరం ఆడేముందు అడగండి.

ఎప్పుడు వద్దనుకోవాలి? మన దేశంలో బాగుచేసే ఖర్చు ఇన్సూరెన్సు వాళ్ళు బండికి కట్టిన విలువలో 75 శాతం దాటితే దాన్ని టోటల్ లాస్ కింద రాసేస్తారు. అమెరికాలో అలా రాసేసిన బండికి కాగితాల మీదే ముద్ర పడుతుంది. సాల్వేజ్ బండి అంటారు. తర్వాత ఎంత బాగా చేయించినా ఆ ముద్ర పోదు, అమ్మేటప్పుడు ధర రాదు. నా లెక్క అయితే ఇది. పైరేకు ఒక్కటే అయితే కొనొచ్చు. చక్రం బిగిసే చోటు కదిలితే బండి మీద ఎంత మోజున్నా వదిలేయాలి. మియాటాలు చాలా ఉన్నాయి, ఇంకోటి దొరుకుతుంది.

కొని, చేయించి, రంగు కూడా అయిపోయిందనుకోండి. బండి తీసుకెళ్ళే ముందు ఇంకో పని అడగండి. వెల్డింగు వేడికి లోపలి వైపు రంగు, పూత అన్నీ కాలిపోయి ఉంటాయి. అక్కడికి బ్రష్షు వెళ్ళదు. సన్నని గొట్టంతో లోపలంతా మైనం స్ప్రే చేస్తారు. అది చేయించకపోతే ఇంత పనీ లోపల్నుంచి తుప్పు తినేస్తుంది. కప్పు నీళ్ళు పోయే గొట్టాల్లో ఒక చెంబుడు నీళ్ళు పోయించి, కిందినుంచి కారుతున్నాయో లేదో వంగి చూడండి. డిక్కీ మూత మీద పైపు పట్టించి, లోపల చాప తడిసిందేమో చూడండి. విప్పిన రోజు నుంచీ తీసిన ఫోటోలన్నీ ఫోనులో దాచుకోండి. బండి అమ్మే రోజున వాటిని కొనేవాళ్ళకి మీరే చూపించండి. ధర విషయంలో మీకు వాదన తగ్గుతుంది, వాళ్ళకి ఏ రేకు కొత్తదో, ఏది పాతదో తెలుస్తుంది.